దిగే పాట

మా పెనీష్ రేవులో వేలం పైకెక్కదు,
కిందికి దిగుతుంది.
ఎనభై దగ్గర ఎత్తుకుని
ఒక్క ఊపిరిలో నలభై దాకా జారేవాణ్ణి,
తడి గచ్చు మీద సార్డీన్ల పెట్టె జారినట్టు.
కొనేవాడు "షుయ్" అంటే చాలు,
అంకె అక్కడే ఆగేది. పెట్టె వాడిది.
ముప్పై ఒక్కేళ్ళు.
బల్తజార్ పాటలో అంకెకూ అంకెకూ మధ్య
ఈగ దూరే సందు ఉండదని
పడవలవాళ్ళు చెప్పుకునేవారు.

తర్వాత ఎర్రంకెల బోర్డు వచ్చింది, నేను ఇంటికొచ్చాను.
ఆ తర్వాత ఒక ఫిబ్రవరి తెల్లవారుజామున
కాఫీ గిన్నె పొయ్యి మీద పెడుతూ
దెల్మీరాని పిలిచాను.
పేరు బయటికి వచ్చింది గానీ
ముళ్ళు తీసేసిన చేపలా వచ్చింది.

మాట పడిపోయింది పాపం, అన్నారు చూడ్డానికొచ్చినవాళ్ళు.
పడలేదు.
లోపల నిటారుగానే నిలబడి ఉంది,
బూట్లు తొడుక్కుని, టోపీ పెట్టుకుని.
తలుపే, వానకి ఉబ్బిన చెక్క,
రావడం లేదు.

ఎవరి మీదా మాట తూలనివాణ్ణి.
ఇప్పుడు మాటలే తూలుతున్నాయి.
మందుల షాపులో కొత్త కుర్రాడు
కౌంటర్ మీంచి వంగి వాసన చూశాడు, తాగొచ్చానేమోనని.
బ్యాంకు పిల్ల చెవిటివాణ్ణనుకుని అరిచింది,
నేనడిగినదానికి
దెల్మీరా మొహం చూసి జవాబు చెప్పింది.

మంగళ, శుక్రవారాలు ఇల్దా దగ్గరికి.
ఆసుపత్రి రెండో అంతస్తు, సముద్రం కనపడని కిటికీ.
గ్లాసు నీళ్ళలో స్ట్రా పెట్టి బుడగలు ఊదమంటుంది.
"ఆ" అని సాగదీయమంటుంది, గడియారం చూస్తూ.
మొదటి వారం నాలుగు సెకన్లు.
తర్వాత ప, త, క.
పెదవులది ప, పళ్ళది త, గొంతుది క.
పతక పతక పతక,
పిల్లలు పరిగెత్తి దిగే మెట్లవి.
నేను గోడ పట్టుకుని దిగుతాను,
క దగ్గర కాలు జారుతుంది.
చొంగ కారుతుంది. ఆమె తుడవదు,
రుమాలు నా చెయ్యి అందేచోట పెడుతుంది.
అది నచ్చింది నాకు.

ఓసారి నా గొంతు ఫోన్లో పట్టి వినిపించింది.
ఎవడీ ముసలాడు, నోట్లో గోలీలు పోసుకుని?
"మీరే. పోయిన నెల మీరు."

"తొందరొద్దు," అంటుంది. "అక్షరానికో వేలు.
బల్ల మీద కొట్టండి, కొట్టాకే తర్వాతిది."
నాకు!
వేగం అమ్ముకుని ఇల్లు కట్టినవాడికి
నిదానం నేర్పుతోంది
నా చిన్న కూతురి ఈడు పిల్ల.
ఒకరోజు కోపంతో లేచి
పడవ మీద కూడా అనని బూతొకటి అన్నాను.
అదీ సగమే వచ్చింది.
ఆమె రాసుకుంటూ తలెత్తకుండా,
"ఇందులో క చాలా బాగా పలికింది," అంది.

నిన్న సాయంత్రం వంటింట్లో
ఒక్కటంటే ఒక్క కానాగంతని
బల్ల మీద పెట్టి దాని వెనక నిలబడ్డాను.
ఎ. న. భై.
డె. బ్బై. తొ. మ్మి. ది.
చెయ్యి మొత్తం అయిపోయింది.
అంకెకూ అంకెకూ మధ్య ఇప్పుడు
ఈగేం ఖర్మ, పడవే తిప్పుకోవచ్చు.

దెల్మీరా ఉల్లిపాయ తరుగుతోంది.
ముప్పై ఒక్కేళ్ళలో ఒక్కసారీ వేలానికి రాలేదు,
చలి అనేది, చేప కంపు అనేది.
నా పాట ఎలా ఉండేదో తనకి తెలీదు.
డెబ్బై ఆరు దగ్గర కత్తి చప్పుడు ఆగింది.
డెబ్బై మూడు దగ్గర ఊపిరి చాలక
బల్ల అంచు పట్టుకున్నాను.

"షుయ్," అంది.

చూశాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి,
ఉల్లిపాయ సంగతి నాకు తెలుసు.
అంత ధర పెట్టి ఎవరూ కొనరు
ఒక్క కానాగంతని, అందులోనూ మొన్నటిది.
వేలం వేసేవాడు కొన్నవాడికి చెప్పకూడని మాట,
మూడు వేళ్ళు పట్టింది:
ఎ. క్కు. వ.

"తెలుసు," అంది దెల్మీరా,
చేతులు గుడ్డకి తుడుచుకుంటూ.
"కాగితంలో చుట్టివ్వు."